తేలిక తెలుగులో వార్తల పత్రిక: మేధో వైకల్యం ఉన్నవారు తామే చదువుకునేలా తయారు చేయడం ఎలా?

"మీ వార్తల పత్రిక ఎలా తయారు చేస్తారు? మా కేంద్రంలోనూ మొదలుపెట్టాలని ఉంది" అంటూ తల్లిదండ్రులు, ప్రత్యేక ఉపాధ్యాయులు తరచుగా ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ కొంత కొంత చెప్పి వదిలేయడం కన్నా, అంతా ఒకచోట రాసి పెడితే ఎక్కువమందికి ఉపయోగపడుతుందనిపించింది.

ఈ అవసరం మాకు ఎలా తెలిసిందో ముందు చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు మేము హైదరాబాద్‌లో ఉన్నాం. టీవీలో రోజంతా నీళ్లే. డౌన్ సిండ్రోమ్ ఉన్న మా తమ్ముడికి అప్పటికి 31 ఏళ్లు. మూడో రోజు తన గదిలోకి వెళితే బట్టలు, మందులు, వైకల్య ధ్రువపత్రం సంచిలో సర్దుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. "నీళ్లు ఎప్పుడు వస్తాయి అక్కా?" అని అడిగాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో అందరం వార్తలు చూశాం, వాటి గురించి మాట్లాడుకున్నాం. అది మన ఊరు కాదని, ఆ నీళ్లు ఇక్కడికి రావని తనతో ఒక్కరమూ అనలేదు. తను అడగలేదు కాబట్టి పట్టించుకోలేదనుకున్నాం.

ఇలాంటి పత్రికలు ప్రపంచానికి కొత్త కాదు. స్వీడన్‌లో '8 సిడోర్' అనే తేలిక భాషా వార్తాపత్రిక 1984లోనే మొదలైంది. ఆ పేరుకు 'ఎనిమిది పేజీలు' అని అర్థం. మేధో వైకల్యం ఉన్నవారి, వారి కుటుంబాల తరఫున పనిచేసే ఇన్‌క్లూజన్ యూరప్ సంస్థ తేలిక భాషకు నియమాలు కూడా రూపొందించింది. ఆ నియమాలు చదవండి, కానీ ఉన్నవి ఉన్నట్లు దించుకోకండి. తెలుగు వాక్యం కట్టు వేరు, మన పత్రికల భాషలో ఉండే చిక్కులు వేరు. కింద రాసినదంతా తెలుగును దృష్టిలో పెట్టుకుని రాసినదే.

కావలసినవి

- రాసేవారు ఇద్దరు. ఒకరు రాస్తే మరొకరు వాస్తవాలు సరిచూడాలి.
- సరిచూసే పాఠకులు కనీసం ఐదుగురు. వీరు మేధో వైకల్యం, ఆటిజం లేదా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారే అయి ఉండాలి. వీరు దొరకకపోతే పత్రిక మొదలుపెట్టకండి.
- ఒక కంప్యూటర్, నలుపు తెలుపు ప్రింటర్, ఏ4 కాగితాలు. రంగులు తప్పనిసరి కాదు.
- ఉచితంగా దొరికే తెలుగు ఫాంటు ఒకటి. వార్తాపత్రికల కోసం రూపొందించిన 'మండలి' గానీ, 'నోటో సాన్స్ తెలుగు' గానీ సరిపోతుంది.
- ఆడియో రికార్డు చేయడానికి ఒక ఫోను, నిశ్శబ్దంగా ఉండే గది.
- సరిచూసేవారికి ఇవ్వడానికి కొంత డబ్బు. ఇది పని. దీన్ని సేవగా, కాలక్షేపంగా చూడవద్దు.

నెలకు ఒక సంచిక, రెండు పేజీలు, ఐదు వార్తలతో మొదలుపెట్టండి. వారపత్రికగా మొదలుపెట్టి రెండు నెలలకే ఆపేసినవారిని నేను చూశాను. పత్రిక ఆగిపోయిందని ఎక్కువగా బాధపడేది పాఠకులే.

1. పాఠకుడు ఎవరో తేల్చుకోండి

"వికాస వైకల్యాలు (మేధో వైకల్యం, ఆటిజం లాంటివి) ఉన్నవారి కుటుంబాలకు వార్తలు" వేరు, "వికాస వైకల్యాలు ఉన్నవారికి వార్తలు" వేరు. రెండూ అవసరమే. అయితే రెంటినీ ఒకే పేజీలో కలిపితే క్రమంగా తల్లిదండ్రుల వార్తలే పేజీ అంతా ఆక్రమిస్తాయి. మా మొదటి సంచికలో అదే జరిగింది. నిరామయ ఆరోగ్య బీమా, 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకత్వం, వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ), ఇలా పేజీ నిండిపోయింది. తమ్ముడు రెండు వైపులా తిప్పి చూసి "ఇది అమ్మ పేపరు" అని పక్కన పెట్టేశాడు.

కుటుంబాలకు వేరే కాగితం వేయండి. అసలు పత్రిక పాఠకుడిది.

ఆ పాఠకుల్లోనూ మూడు రకాలవారు ఉంటారు. చిన్న వాక్యాలు చదవగలవారు, కొన్ని మాటలు గుర్తుపట్టి బొమ్మ సాయంతో అర్థం చేసుకునేవారు, విని మాత్రమే తెలుసుకునేవారు. మీ దగ్గర ఎవరు ఎక్కువమంది ఉన్నారో ముందే లెక్కవేసుకోండి. వినేవారే ఎక్కువైతే ముందు ఆడియో చేయండి, కాగితం తరువాత చూసుకోవచ్చు.

2. వార్తలు ఎంచుకోండి

ఎంపిక మీరు చేయకండి. నెల చివరి వారంలో పాఠకులను కూర్చోబెట్టి, ఆ నెల పత్రికల్లోంచి కత్తిరించిన పదిహేను ఫొటోలు బల్ల మీద పరచండి. ఒక్కొక్కరినీ మూడు తీసుకోమనండి. ఎక్కువమంది తీసుకున్నవే ఆ నెల వార్తలు.

వారు ఏమి తీస్తారో చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. వైకల్యానికి సంబంధించిన ఫొటోలు చివరి వరకు బల్ల మీదే ఉంటాయి. ముందుగా పోయేవి క్రికెట్, సినిమా నటుల పెళ్లిళ్లు, ప్రమాదాలు, ఎన్నికలు. మా తమ్ముడు ముందు క్రికెట్ అభిమాని. తనకు డౌన్ సిండ్రోమ్ ఉందన్నది ఆ తరువాతి మాట. మార్చి 21న డౌన్ సిండ్రోమ్ దినం, ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం, డిసెంబరు 3న వికలాంగుల దినం వచ్చినప్పుడు మాత్రమే వీరి గురించి రాసే అలవాటు పెద్ద పత్రికలకు ఉంది. మనం అదే దారిలో వెళ్లకూడదు.

ఐదింటిలో ఒక వార్తను మాత్రం మీరు చేర్చవచ్చు. అది పాఠకుడి హక్కుకో, డబ్బుకో, భద్రతకో నేరుగా సంబంధించినదై ఉండాలి. ఎన్నికల ఏడాదిలో ఓటు గురించి తప్పకుండా రాయండి. మేధో వైకల్యం ఉంటే ఓటు ఉండదని ఇప్పటికీ ఎంతోమంది నమ్ముతున్నారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఒక వ్యక్తికి మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటించినప్పుడే ఆ కారణంతో పేరు ఓటర్ల జాబితాలో చేరకుండా పోతుంది. డాక్టరు ఇచ్చిన వైకల్య పత్రం అలాంటి ప్రకటన కాదు.

చెడు వార్తలు దాచవద్దు. దాచినా టీవీలో చూస్తారు, సగం తెలుసుకుని భయపడతారు. చెడు వార్త రాసేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకు ఇదే వరుసలో జవాబు ఉండాలి: ఏమి జరిగింది? ఎక్కడ జరిగింది? అది మనకు దగ్గరా, దూరమా? మనం ఏమైనా చేయాలా? వరద సమయంలో మా ఇంట్లో ఎవరూ చెప్పనిది ఆ మూడో జవాబే.

3. వార్త నిజమో కాదో సరిచూడండి

ఈ పాఠకుల్లో చాలామందికి ఇదొక్కటే పత్రిక. మీరు తప్పు రాస్తే సరిదిద్దడానికి వారి దగ్గర రెండో పత్రిక ఉండదు. అందుకని మామూలు విలేకరి కన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఎ) ఏ రాష్ట్రం? వాట్సాప్‌లో తిరిగే పింఛను సందేశాల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛను నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో పెంచిన మొత్తం 4,016 రూపాయలు. రాష్ట్రం పేరు లేకుండా "వికలాంగుల పింఛను పెంపు" అన్న సందేశం వస్తే ముందు దాన్ని పక్కన పెట్టండి. మొత్తాలు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి ప్రచురించే రోజున మళ్లీ చూసుకోండి.

బి) ఏ దశ? నాయకుడు సభలో చెప్పడం, ప్రభుత్వ ఉత్తర్వు రావడం, డబ్బు చేతికి అందడం అనేవి మూడు వేర్వేరు వార్తలు. మొదటి దశలో ఉన్నదాన్ని "పెరిగింది" అని రాస్తే, మీ పాఠకుడు ఒకటో తేదీన డబ్బు కోసం ఎదురు చూస్తాడు.

సి) ఎవరికి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం మాత్రం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు అనే నాలుగింటికే వర్తిస్తుంది. లక్ష రూపాయల వరకు ఉండే నిరామయ బీమా ఈ నాలుగు రకాల వైకల్యాలు ఉన్నవారికే. "వికలాంగులందరికీ నిరామయ" అని రాసిన కరపత్రం ఒకసారి నా చేతికి వచ్చింది. దాన్ని నమ్మి ఎంతమంది దరఖాస్తు కోసం తిరిగి ఉంటారో!

డి) "నయమవుతుంది" అని ఉందా? అయితే ఆగండి. ఆటిజానికి మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స అంటూ లక్షలు గుంజే ప్రకటనలు వార్తల రూపంలో వస్తుంటాయి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విభాగం 2022లోనే తేల్చి చెప్పింది. ఇలాంటి ప్రకటనను హెచ్చరికగా తప్ప మరో రకంగా ప్రచురించకండి.

4. రాయండి

మన పత్రికల్లో కనిపించే తరహా వాక్యం ఒకటి నేనే కట్టి చూపిస్తాను:

"ఎన్నికల్లో ఇచ్చిన హామీని నెరవేరుస్తూ దివ్యాంగుల సామాజిక భద్రతా పింఛనును రూ.3 వేల నుంచి రూ.6 వేలకు పెంచుతూ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం జులై ఒకటో తేదీ నుంచి అమల్లోకి వచ్చింది."

ఇందులో తప్పు లేదు. కానీ అసలు విషయం వాక్యం చివర ఉంది. అక్కడికి చేరేలోపు పాఠకుడు నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. ఇదే వార్త తేలిక తెలుగులో:

ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛను పెరిగింది.
ముందు నెలకు 3,000 రూపాయలు ఇచ్చేవారు.
ఇప్పుడు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు.
2024 జులై 1, సోమవారం నుంచి ఇస్తున్నారు.
సచివాలయం ఉద్యోగి మీ ఇంటికి వచ్చి ఇస్తారు.
మీరు బ్యాంకుకు వెళ్లనవసరం లేదు.

చివరి రెండు వాక్యాలు మొదట్లో లేవు. "ఇప్పుడు మీరు ఏమి చేయాలి?" అని అడిగితే సరిచూసేవారిలో ముగ్గురు "బ్యాంకుకు వెళ్లాలి" అన్నారు. అప్పుడు చేర్చాం.

రాసేటప్పుడు ఈ సంగతులు మనసులో పెట్టుకోండి.

వాక్యానికి ఒక క్రియ. తెలుగులో "వెళ్లి, చూసి, మాట్లాడి, తిరిగి వచ్చారు" అని ఎన్ని పనులనైనా గొలుసు కట్టవచ్చు. రాసేవారికి ఇది సుఖం. చదివేవారికి మాత్రం చివరి పనే మిగులుతుంది. గొలుసు తెంచి నాలుగు వాక్యాలు చేయండి.

అలంకారాలు తీసేయండి. మన శీర్షికల్లో నాయకులు నిప్పులు చెరుగుతారు, జట్లు చేతులెత్తేస్తాయి, ధరలు చుక్కలనంటుతాయి. ఆటిజం ఉన్న పాఠకులు చాలామంది మాటకు ఉన్న అర్థమే తీసుకుంటారు. ఒక నటుడు "కన్నుమూశారు" అని మేము రాస్తే, ఒకరు "ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగారు. "చనిపోయారు" అని రాయండి. అది మోటు మాట కాదు, స్పష్టమైన మాట.

"చేయబడింది", "ఇవ్వబడును" వద్దు. ఎవరు చేశారో, ఎవరు ఇస్తారో చెప్పండి.

రెండు 'కాదు'లు కలపకండి. "రాకపోలేదు", "తెలియనిది కాదు" లాంటివి రాశాక మీరే ఒకసారి ఆగి చదువుకోవాల్సి వస్తే, మీ పాఠకుడి సంగతి ఊహించండి.

'వారు', 'ఆయన' తగ్గించండి. తెలుగులో 'వారు' అంటే ఒకరు కావచ్చు, పదిమంది కావచ్చు. పేరునే మళ్లీ రాయండి. నాలుగు వాక్యాల్లో నాలుగుసార్లు అదే పేరు వస్తే మీకు విసుగు పుడుతుంది కానీ చదివేవారికి అది ఊతం.

'రేపు', 'ఎల్లుండి', 'వచ్చే వారం' రాయకండి. మీ పాఠకుడు పత్రికను ఏ రోజు తెరుస్తాడో మీకు తెలియదు. తేదీ, వారం పేరు రెండూ రాయండి. "15.30 గంటలకు" బదులు "మధ్యాహ్నం 3:30కి" అనండి.

సంధులు విడదీయండి. "ఇంటికెళ్లారు" కన్నా "ఇంటికి వెళ్లారు" చదవడం తేలిక. పొడి అక్షరాల పేర్లు వాడితే మొదటిసారి అదేమిటో చెప్పండి: "యూడీఐడీ కార్డు అంటే వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు."

శాతాలు వీలైతే మానండి. తప్పకపోతే చేతిలో ఉన్న కాగితానికి ముడిపెట్టండి. "40 శాతం వైకల్యం ఉన్నవారు అర్హులు" బదులు "మీ వైకల్య ధ్రువపత్రం (సదరం పత్రం) చూడండి. అందులో 40 లేదా అంతకంటే పెద్ద అంకె ఉంటే మీకు వస్తుంది" అని రాయవచ్చు.

హెచ్చరిక: తేలిక భాష అంటే పసిభాష కాదు. "బుజ్జి స్నేహితులారా" అని మొదలుపెట్టిన ఒక పత్రికను 40 ఏళ్ల పాఠకుడు ఒకరు నా ముందే మడిచి తిరిగి ఇచ్చేశారు. పెద్దవారిని 'మీరు' అనండి. ఇంట్లో మనం ఏమని పిలిచినా, అచ్చులో 'మీరు' అనే ఉండాలి.

5. మనుషుల గురించి వాడే మాటలు

'మందబుద్ధి', 'బుద్ధిమాంద్యం', 'పిచ్చి' రాయకూడదని అందరికీ తెలుసు. 'మానసిక వికలాంగుడు' అన్నది మాత్రం ఇంకా చలామణిలో ఉంది. ఇది మేధో వైకల్యాన్నీ మానసిక అనారోగ్యాన్నీ ఒకటిగా కలిపేస్తుంది. 'మేధో వైకల్యం ఉన్న వ్యక్తి' అనండి. 'ఆటిజంతో బాధపడుతున్న' అనకండి, 'ఆటిజం ఉన్న' చాలు. ఆయన బాధపడుతున్నాడని మీకు ఎవరు చెప్పారు? 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా దృశ్యమాధ్యమాలలో వికలాంగుల చిత్రణపై మార్గదర్శకాలు ఇస్తూ, 'బాధితులు' అనే ధోరణి మాటలు వద్దని చెప్పింది. అది సినిమాల గురించి ఇచ్చిన తీర్పే అయినా మనం పాటించదగ్గది.

'దివ్యాంగులు' అన్న మాట కేంద్ర ప్రభుత్వం వాడుతుంది. ఆంధ్రప్రదేశ్ శాఖ పేరులో 'విభిన్న ప్రతిభావంతులు' ఉంది. హక్కుల కోసం పోరాడేవారిలో చాలామంది 'వికలాంగులు' అన్న మాటనే ఇష్టపడతారు. శాఖల పేర్లు ఉన్నవి ఉన్నట్లు రాయండి. వ్యక్తి గురించి రాసేటప్పుడు ఏమని రాయమంటారో ఆ వ్యక్తినే అడగండి.

కుటుంబ సభ్యులమైన మనం చేసే తప్పు మరొకటి ఉంది. 35 ఏళ్ల వారిని కూడా 'మా పిల్లలు' అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ "25 ఏళ్ల యువకుడు, ఐదేళ్ల బుద్ధి" అనే వార్తలకు మూలం ఆ ప్రేమలోనే ఉంది. 25 ఏళ్ల వ్యక్తికి 25 ఏళ్ల అనుభవం ఉంటుంది. వయసు రాయండి, 'బుద్ధి వయసు' రాయకండి.

6. పేజీ కట్టండి

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లిష్‌కు చెప్పే 14 పాయింట్ల కొలత మనకు చాలదు. 18 పాయింట్లు పెట్టండి, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ వదలండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

ఒక వాక్యం ఒక వరుసలో ముగియాలి. పట్టకపోతే వాక్యాన్ని చిన్నది చేయండి, అక్షరాన్ని చిన్నది చేయకండి. ఎడమవైపు సరిసమానంగా, కుడివైపు వదులుగా ఉంచండి. వాలు అక్షరాలు, అక్షరాల వెనుక బొమ్మలు వద్దు.

వార్తకు ఒక ఫొటో, ఆ వార్తదే. పింఛను వార్తకు ముఖ్యమంత్రి ఫొటో పెడితే చాలామందికి అది ముఖ్యమంత్రి వార్త అవుతుంది. నోట్లు పట్టుకున్న చేయి ఫొటో పెట్టండి.

7. అనుమతి తీసుకోండి

పాఠకుల ఫొటో వేయాలంటే ముందు వారిని అడగాలి, ఆ తరువాతే తల్లిదండ్రులను. పత్రికను చేతికిచ్చి "ఇక్కడ మీ ఫొటో వస్తుంది. ఇంత మంది చూస్తారు. వేయమంటారా, వద్దా?" అని చూపించి అడగండి. వద్దంటే వద్దు. తల్లి సరే అన్నా వద్దు.

నేర వార్తల్లో మరింత జాగ్రత్త కావాలి. పోక్సో చట్టంలోని 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్, భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ బాధితుల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తాయి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊళ్లో ఒక్కటే ప్రత్యేక పాఠశాల ఉన్నప్పుడు "ఆ పాఠశాలలో చదివే బాలిక" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

8. పాఠకులతో సరిచూడండి

సమయం లేదని అందరూ దాటవేసే దశ ఇది. కానీ పత్రికకు ప్రాణం ఇక్కడే ఉంది. మిగిలినవన్నీ సగం సగం చేసినా ఇదొక్కటి పూర్తిగా చేయండి.

ఎ) రాసినవారు అడగకూడదు. తాము రాసింది అర్థం కావాలన్న ఆశ ముఖంలో కనిపిస్తుంది, పాఠకుడు దాన్ని చదివి తల ఊపుతాడు. తల్లిదండ్రులనూ పక్కన కూర్చోనివ్వకండి. జవాబు అందిస్తారు.

బి) చదవక ముందే అడగండి: "పింఛను గురించి మీకు ఏమైనా తెలుసా?" టీవీలో ముందే చూసి ఉంటే, వారు సరిగ్గా చెప్పినా అది మీ రాత గొప్పతనం కాదు.

సి) చదువుతున్నప్పుడు వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఆగిన చోట గుర్తు పెట్టుకోండి. ఎక్కువగా ఏదో ఒక సంయుక్తాక్షరం దగ్గరో, పొడవైన మాట దగ్గరో ఆగుతుంది.

డి) "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగకండి. జీవితమంతా ఆ ప్రశ్నకు "అర్థమైంది" అంటేనే ఎదుటివారు సంతోషిస్తారని వీరు నేర్చుకున్నారు. "ఏమి జరిగిందో మీ మాటల్లో చెప్పండి" అనండి. తరువాత ఎక్కడ, ఎప్పుడు, మీరు ఏమి చేయాలి అని ఒక్కొక్కటిగా అడగండి. జవాబుకు సమయం ఇవ్వండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుని తరువాతి ప్రశ్నకు వెళ్లండి.

ఇ) రెండు జవాబులిచ్చి ఎంచుకోమంటే మీరే మోసపోతారు. "పింఛను పెరిగిందా, తగ్గిందా?" అంటే విన్న చివరి మాటనే తిరిగి చెప్పే అలవాటు ఉన్నవారు "తగ్గింది" అంటారు. మీ వార్త అర్థం కాలేదనుకుంటారు మీరు. "పింఛను తగ్గిందా, పెరిగిందా?" అని తిప్పి అడిగి చూడండి. రెండుసార్లూ చివరి మాటే వస్తే ఆ ప్రశ్న పనికిరాదని అర్థం.

ఎఫ్) మాట్లాడనివారికి మూడు బొమ్మలు ఇచ్చి, జరిగినదాన్ని చూపించమనండి. రెండే ఇస్తే ఊరికే చూపినా సగంసార్లు సరిపోతుంది.

ఐదుగురిలో నలుగురు ముఖ్య విషయం చెప్పగలిగితే ఆ వార్త వేయండి. లేకపోతే తిరగరాయండి. తిరగరాసినదాన్ని మాత్రం కొత్తవారికి చూపించాలి, మొదటివారికి వార్త ఇప్పటికే తెలుసు కదా. అందుకే ఐదుగురి కన్నా ఎక్కువమంది ఉంటే మేలు.

ఇంకొక పరీక్ష ఉంది, నాకు ఎక్కువ నమ్మకం దాని మీదే. పత్రిక ఇచ్చిన మర్నాడు ఇంటివారికి ఫోన్ చేసి "నిన్న ఏమైనా వార్త చెప్పారా?" అని అడగండి. తానై ఇంట్లో చెప్పిన వార్త నిజంగా చేరిన వార్త.

పత్రిక చివర "ఈ సంచికను సరిచూసినవారు" అని, వారి అనుమతితో పేర్లు వేయండి. డబ్బు వారి చేతికే ఇవ్వండి.

9. చదివి రికార్డు చేయండి, పంచండి

వార్తకు ఒక ఆడియో, ఒక్కొక్కటీ రెండు నిమిషాలు దాటకుండా. అన్నీ కలిపి ఒకే పది నిమిషాల ఫైలు చేస్తే కావలసిన వార్త వెతుక్కోవడం కష్టం. ప్రతి ఆడియో మొదట్లో "ఒకటో వార్త" అని కాగితంపై ఉన్న అంకె చెప్పండి. మామూలు కన్నా కొద్దిగా నెమ్మదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకునేంత విరామం ఇచ్చి చదవండి. టీవీ వార్తల్లో మోగే సంగీతం వద్దు. పెద్ద శబ్దాలు భరించలేనివారు ఆడియో తెరిచీ తెరవగానే మూసేస్తారు. పాఠకుల్లో చదవగలవారు ఉంటే వారి గొంతుతోనే రికార్డు చేయండి.

కాగితం పాఠకుడి పేరుతో వెళ్లాలి. కవరు మీద తండ్రి పేరు రాస్తే అది మళ్లీ 'అమ్మ పేపరు', 'నాన్న పేపరు' అవుతుంది. ప్రతి నెలా ఒకే తేదీన పంపండి. మేము 5వ తేదీన ఇస్తాం. ఒకసారి 7న ఇచ్చినప్పుడు రెండు రోజులూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

తప్పు దొర్లితే

దొర్లుతుంది. ఒక సంచికలో బస్సు పాసుల శిబిరం తేదీ తప్పు వేశాను. శనివారం జరిగేదాన్ని శుక్రవారం అని రాశాను. ఒక పాఠకుడు శుక్రవారం ఉదయం ఒంటరిగా వెళ్లి, మధ్యాహ్నం వరకు గేటు దగ్గర నిలబడి, ఇంటికి తిరిగి వచ్చి "పేపరులో ఉంది కదా" అన్నారట. ఆ మాట విన్నాక ఆ రోజంతా నాకు మరో పని మీద మనసు నిలవలేదు.

మామూలు పత్రికల్లా లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సవరణ వేస్తే ఈ పాఠకులకు అది కనిపించదు. తప్పు ఎవరికి నష్టం చేస్తుందో వారికి అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. తరువాతి సంచికలో మొదటి పేజీలో, మొదటి వార్తగా, అదే సైజు అక్షరాలతో వేయండి. మేము ఇలా వేశాం:

పోయిన నెల పత్రికలో ఒక తప్పు ఉంది.
బస్సు పాసుల శిబిరం శుక్రవారం అని రాశాం.
అది తప్పు.
శిబిరం శనివారం జరిగింది.
తప్పు మాది. మీది కాదు.
మమ్మల్ని క్షమించండి.
బస్సు పాసు రానివారు మాకు ఫోన్ చేయండి.
మేము మీతో కలిసి డిపోకు వస్తాం.